పొదల కంచెలు దూకిన పిల్ల

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మా బి.ఎస్సి. మిత్రులు తలా ఒక పేరు పట్టుకుపోయారు. ఒకరు సర్ సి. వి. రామన్ అన్నారు, ఒకరు మేడమ్ క్యూరీ అన్నారు, ఇంకొకరు శ్రీనివాస రామానుజన్ అన్నారు. సైన్సు విద్యార్థిని గనుక నేనూ ఆ వరసలోనే నిలబడవలసినవాణ్ణి. కాని నేను ఎంచుకున్నది ఒక ఆటగత్తెను. ఆమె ఏ సిద్ధాంతమూ కనిపెట్టలేదు. కాలేజీలో చేరి చదివింది కూడా లేదు. అమెరికా దేశంలో ఒక వడ్రంగి కూతురు. అసలు పేరు మిల్డ్రెడ్. లోకానికి తెలిసిన పేరు బేబ్ డిడ్రిక్సన్.

కారణం చెప్పకుండా ముందుకు పోతే బాగుండదు. మాది మెట్ట వ్యవసాయం. జొన్నకంకి పాలు పోసుకునే రోజుల్లో పిట్టల కాపలా మా అక్కది. మంచె మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలిందంటే చేను అవతలి గట్టు మీద తుమ్మకొమ్మ వూగేది. వూళ్ళో మగపిల్లలెవరి రాయీ అంత దూరం పోయేది కాదు. అక్క పదో తరగతిలో వుండగా ఆటల మాస్టారొకాయన ఆ చెయ్యి చూసి, జిల్లా సెలక్షన్సుకి పంపమని ఇంటికొచ్చి అడిగారు. అవి కోతల రోజులు. నాన్న కాదనలేదు, అవుననీ అనలేదు. అట్లా అట్లా రోజులు గడిచిపోయాయి. నాలుగేళ్ళకి పెళ్ళయింది. ఇందులో ఎవరి తప్పూ లేదని ఇంట్లో అందరం అనుకుంటాం. అయినా డిడ్రిక్సన్ జీవితం చదువుతున్నంతసేపూ నాకు ఆ తుమ్మకొమ్మే కళ్ళ ముందు ఆడింది.

ఇక కథలోకి వస్తాను. డిడ్రిక్సన్ తల్లిదండ్రులు నార్వే దేశం నుంచి వలస వచ్చినవారు. తండ్రి ఓలే ఓడల్లో వడ్రంగి పని చేసినవాడు. తల్లి హన్నా పెళ్ళికి ముందు సొంత దేశంలో మంచు మీద జారే ఆటల్లో నేర్పరి అని పేరు. ఏడుగురు సంతానంలో ఆరవదిగా మిల్డ్రెడ్ 1911 జూన్ 26వ తేదీన టెక్సస్ రాష్ట్రం పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. ఆమె పసితనంలోనే కుటుంబం పక్కనున్న బోమాంట్ పట్టణానికి మారింది. అది చమురు శుద్ధి కర్మాగారాల ప్రాంతం. వుండేది కష్టజీవుల పేట. తండ్రి పెరట్లో తన చేత్తోనే పిల్లలకి వ్యాయామశాల కట్టాడు. ఎత్తడానికి బరువులు కావాలంటే చీపురుకర్రకు చెరొక వైపు ఇస్త్రీపెట్టె కట్టి ఇచ్చాడు. మన వూళ్ళలో సంగిడిరాళ్ళు ఎత్తిన పెద్దలు ఈ మాట చదివితే నవ్వుకుంటారు. పేదవాడి తెలివి ఎక్కడైనా ఒకటేగదా.

వాళ్ళ వీధిలో ఇళ్ళ ముందు పొదల కంచెలు వరసగా వుండేవి. కిరాణా కొట్టుకి పంపితే తోబుట్టువు లిల్లీ రోడ్డు మీద పరుగెత్తేది, ఈ పిల్ల ఆ కంచెలన్నీ దూకుతూ పోటీ పడేది. ఒక్క కంచె మాత్రం మిగతావాటికంటే ఎత్తు. ఆ ఇంటాయన్ని బతిమాలి దాన్ని మిగతావాటితో సమంగా కత్తిరింపించుకుంది. పొద దళసరి రెండడుగులు, కాలు గీరుకోకుండా దూకాలంటే ఎడమ మోకాలు మడవాలి. ఆ అలవాటు ఆమె హర్డిల్స్ పరుగులో చివరిదాకా పోలేదు. తరువాత ఆమె ప్రపంచ రికార్డు పెట్టిన ఆటకి మొదటి మైదానం ఆ వీధే.

ఇంటి పనుల్లోనూ ఇదే వరస. ఒకసారి తల్లి మాంసం తెమ్మని పంపింది. దారిలో పిల్లలు బంతాట ఆడుతుంటే పొట్లం పక్కన పెట్టి తానూ ఆటలో దిగింది. ఆట ముగిసి చూస్తే మాంసం కుక్క పాలయింది. ఇంకొకసారి కాలు బెణికిన తల్లి కొట్టడానికి వెంటపడితే, పాపం అమ్మకి అందాలని తానే పరుగు తగ్గించిందట. ఈ సంగతులు ఆమె తన ఆత్మకథలో చెప్పుకుంది. అట్లాగని పనిదొంగ కాదు. బడి అయ్యాక అంజూరపు పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలోనూ, గోనెసంచులు కుట్టే చోటా కూలి చేసింది. సంచికి ఒక సెంటు చొప్పున వచ్చిన డబ్బులో కొంత తాను వుంచుకుని తక్కింది తల్లి చేతిలో పోసేది. బట్టలు కుట్టడంలోనూ దిట్ట. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆటలాడే ఆడపిల్లకి ఇంటిపని రాదనే మాట ఆ దేశంలోనూ వుంది.

హైస్కూల్లో ఆమెకి ఇష్టమైన ఆట బాస్కెట్‌బాల్. మొదట్లో పొట్టిగా వున్నావని జట్టులోకి రానివ్వలేదు. ఏడుస్తూ కూర్చోలేదు. ఖాళీ పీరియడ్లలో అబ్బాయిల కోచ్ దగ్గరికి పోయి బంతి ఎట్లా పట్టాలి, ఎట్లా వేయాలి అని అడిగి నేర్చుకుంది. తరువాత బోమాంట్ హైస్కూల్ అమ్మాయిల జట్టులో చోటు దొరికింది. అక్కడ కోచ్ బియాట్రిస్ లిటిల్. ఆమె పిల్లలో వున్న శక్తిని గుర్తించి తీర్చింది. అతి త్వరలోనే పత్రికల్లో పేరు రావడం మొదలయింది. బేబ్ అన్న పేరు ఎట్లా వచ్చిందంటే, బేస్‌బాల్ మేటి బేబ్ రూత్ మాదిరి బంతిని దూరం కొట్టేది గనుక అని ఆమె చెప్పేది. తల్లి పెట్టిన ముద్దుపేరే అది అనేవారూ వున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంత ఆట వచ్చిన పిల్లని ఏ కాలేజీ అయినా పిలిచి సీటిచ్చి, జట్టులో పెట్టుకోవాలి గదా? ఈ రోజు అమెరికాలో జరిగేది అదే. కాలేజీ కోచ్‌లు హైస్కూళ్ళ చుట్టూ తిరిగి, ఆట చూసి, ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడి, ఫీజులూ భోజనమూ వసతీ ఇచ్చి అమ్మాయిల్ని తీసుకుపోతారు. 1930లో ఆ తలుపు మూసి వుంది. బాస్కెట్‌బాల్‌ని 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ కనిపెడితే, మరుసటి ఏడాదే స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు అమ్మాయిల చేత ఆడించింది. అంటే ఆడపిల్లలకి ఆ ఆట కాలేజీ గుండానే వచ్చింది. కాని 1920ల నాటికి వ్యాయామవిద్య అధ్యాపకురాళ్ళే కాలేజీల మధ్య పోటీలు వద్దన్నారు. ఆడపిల్లల ఆరోగ్యం పాడవుతుందని, టిక్కెట్లు అమ్ముకునే మగ మేనేజర్లు పిల్లల్ని వాడుకుంటారని వారి భయం. అందుకని అన్ని కాలేజీల అమ్మాయిల్నీ కలగలిపి, గెలుపోటముల పట్టింపు లేకుండా ఆడించే ఆటల రోజులు పెట్టారు. ఆ భయం పూర్తిగా తప్పని నేననను. కాని పైస్థాయి ఆట వున్న పిల్ల పరిస్థితి ఏమిటి? పైగా కాలేజీ ఫీజు కట్టుకోలేని వడ్రంగి కూతురు సంగతేమిటి?

ఆ ఖాళీని కంపెనీలు నింపాయి. డల్లాస్ నగరంలో ఎంప్లాయర్స్ కాజువల్టీ కంపెనీ అని ఒక బీమా సంస్థ వుండేది. దాని అమ్మాయిల జట్టు పేరు గోల్డెన్ సైక్లోన్స్. జట్టు బాధ్యత చూసేది మెల్విన్ మెకోమ్స్. ఆయన్ని అందరూ కల్నల్ అని పిలిచేవారు. 1930 ఫిబ్రవరిలో ఆయన హ్యూస్టన్‌లో ఒక హైస్కూల్ ఆట చూడడానికి వచ్చాడు. అక్కడ కోర్టులో బోమాంట్ పిల్ల కంటబడింది. నాకు బాస్కెట్‌బాల్ అంత బాగా రాదు గాని, మన గ్రౌండులో చూసినంతలో ఒక సంగతి తెలుసు. పాయింట్లు ఎన్ని వేసిందన్నది ఎవరైనా లెక్కపెడతారు. బంతి చేతిలో లేనప్పుడు కాలు ఎట్లా కదులుతోంది, కిందపడ్డాక ఎంతసేపట్లో లేస్తోంది, ఇవి చూసేవాడే మనిషిని పట్టగలవాడు. మెకోమ్స్ చూసింది అదే అయివుండాలి. వెంటనే ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడాడు. నెలకి 75 డాలర్ల జీతం మీద ఆఫీసులో వుద్యోగం ఇస్తానన్నాడు.

ఆట ఆడినందుకు జీతం ఇస్తే అమెచ్యూర్ నియమాలు ఒప్పుకోవు. అందుకే వుద్యోగం టైపిస్టుది, ఆట సాయంత్రంది. అందరికీ తెలిసిన రహస్యమే. కంపెనీకి కావలసింది ప్రచారం, పిల్లకి కావలసింది ఆటా అన్నమూ. అది ప్రపంచమంతా ఆర్థికమాంద్యం మొదలైన కాలం. 18 ఏళ్ళ పిల్ల, హైస్కూల్ చదువు ఇంకా పూర్తికాకుండానే, తండ్రిని వెంటబెట్టుకుని రైలెక్కి డల్లాస్ వెళ్ళింది. ఆ 75 డాలర్లలో 45 డాలర్లు నెలనెలా ఇంటికి పంపేది. మిగిలిన 30తో తాను గడుపుకొనేది. జట్టు అమ్మాయిలంతా దగ్గర దగ్గర గదుల్లో వుండేవారు. భోజనం సహాయ కోచ్ ఇంట్లో. పగలు ఆఫీసు, రాత్రి ప్రాక్టీసు.

గోల్డెన్ సైక్లోన్స్ జట్టులో అప్పటికే దేశమంతా పేరున్న ఆటగత్తెలు వున్నారు. వాళ్ళ మధ్య ఈ కొత్త పిల్ల అణిగిమణిగి వుంటుందనుకుంటే పొరపాటు. వచ్చిన కొద్దికాలానికే జట్టుకి ప్రధాన బలమయింది. 1930 జాతీయ పోటీల ఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. 1931లో అదే జాతీయ టైటిల్ గెలిచారు. 1932లో మళ్ళీ ఫైనల్ దాకా వచ్చి ఓడారు. మూడేళ్ళూ దేశపు మేటి క్రీడాకారిణుల జాబితాలో ఆమె పేరు వుంది. మోకాళ్ళ దాకా వుండే వదులు దుస్తులు తీసేసి మెకోమ్స్ తన జట్టుకి మెరిసే పొట్టి నిక్కర్లు తొడిగించాడు. చూసేవాళ్ళ సంఖ్య పెరిగింది. అందులో ఆట కోసం వచ్చినవాళ్ళెందరో, ఇతర కారణాలకి వచ్చినవాళ్ళెందరో ఎవరికి వారు వూహించుకోవచ్చు. కాలేజీ అధ్యాపకురాళ్ళు భయపడింది ఇందుకే.

అయినా మెకోమ్స్‌కి ఒక ఘనత ఇవ్వక తప్పదు. బాస్కెట్‌బాల్ సీజన్ ముగిశాక వేసవిలో ఈ పిల్ల ఖాళీగా వుండలేదని ఆయనకి అర్థమయింది. ఒకరోజు అథ్లెటిక్స్ పోటీలు చూడడానికి మైదానానికి తీసుకుపోయాడు. అంతకుముందు ఆమె ఎన్నడూ వాటిని చూడలేదు. నేల మీద పడివున్న ఈటెను చూసి అదేమిటని అడిగిందట. ఆ మాటతో కంపెనీకి అథ్లెటిక్స్ జట్టు తయారయింది. ఎవరికి ఏ అంశం కావాలంటే తలా ఒకటి రెండు ఎంచుకున్నారు. ఈమె మాత్రం అన్నీ కావాలంది. జట్టు ప్రాక్టీసు అయ్యాక రాత్రిళ్ళు ఒంటరిగా వుండి దూకేది, విసిరేది. మొదట్లో ఈటె తోక వీపుకి కొట్టుకుని వాతలు తేలేవి. 1931లో బేస్‌బాల్ బంతిని 296 అడుగుల దూరం విసిరింది. మనిషిని బాస్కెట్‌బాల్ కోసం తెచ్చుకుని, ఆ మనిషిలో బాస్కెట్‌బాల్‌కంటే పెద్దది ఏదో వుందని తెలిశాక దానికి దారి వదలడం అందరు కోచ్‌లూ చేసే పని కాదు.

1932 జులై 16. ఇల్లినాయ్ రాష్ట్రం ఎవాన్‌స్టన్‌లో జాతీయ పోటీలు. ఒలింపిక్స్‌కి ఎంపిక కూడా అక్కడే. మిగతా సంస్థలు ఇరవయ్యేసి మందిని పంపితే మెకోమ్స్ తన కంపెనీ పక్షాన పంపింది ఒక్కరినే, బేబ్ డిడ్రిక్సన్‌ను. అంతకుముందు రాత్రి కడుపునొప్పితో నిద్రలేదు. టాక్సీలో బట్టలు మార్చుకుంటూ మైదానానికి చేరింది. ఎనిమిది అంశాల్లో పాల్గొంది. ఒకటి కాగానే ఇంకొకదానికి పరుగు. షాట్‌పుట్, బేస్‌బాల్ విసరడం, లాంగ్‌జంప్, జావెలిన్, 80 మీటర్ల హర్డిల్స్, ఈ అయిదింటిలో మొదటిస్థానం. హైజంప్‌లో జీన్ షైలీతో సమంగా మొదటిస్థానం. డిస్కస్‌లో నాలుగవది. 100 మీటర్ల పరుగు ఒక్కటే ఫలించలేదు. సాయంత్రానికి లెక్క వేస్తే ఆమె ఒక్కతే సంపాదించిన పాయింట్లు 30. రెండవ స్థానంలో నిలిచిన ఇల్లినాయ్ మహిళా క్లబ్బు 22 మంది కలిసి తెచ్చినవి 22. జట్టు చాంపియన్‌షిప్పు ఒక్క మనిషికి ఇచ్చారు. నేను మొదట చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

ఆ తరువాత లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్. స్త్రీలు మూడు అంశాలకి మించి పాల్గొనరాదని నియమం. జావెలిన్‌లో 143 అడుగుల 4 అంగుళాలు విసిరి స్వర్ణం గెలిచింది. స్త్రీల జావెలిన్ ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. 80 మీటర్ల హర్డిల్స్‌లో 11.7 సెకన్ల ప్రపంచ రికార్డుతో రెండవ స్వర్ణం. ఇవెలిన్ హాల్‌కీ ఆమెకీ తేడా కంటికి ఆననంత. హైజంప్‌లో మళ్ళీ జీన్ షైలీతో సమంగా దూకింది. అయితే తల ముందు దాటుతోందని, అది నియమాలకి విరుద్ధమని న్యాయనిర్ణేతలు చెప్పి రజతం ఇచ్చారు. పరుగు, విసురు, దూకుడు, మూడింటిలోనూ వేరువేరుగా ఒలింపిక్ పతకం తెచ్చుకున్నది చరిత్రలో ఆమె ఒక్కతే. ఈ మూడింటికీ మూడు రకాల దేహాలు కావాలని మా ఫిజియాలజీ పాఠాలు చెబుతాయి.

పొగడ్తే రాస్తే జీవితచరిత్ర కాదు గనుక మరొక వైపు కూడా చెప్పాలి. ఆమె గొప్పలు చెప్పుకునేది. వయసు తగ్గించి చెప్పుకునేది. సాటి అమ్మాయిలు ఆమెను అంతగా ఇష్టపడలేదు. లాస్ ఏంజిలిస్ వెళ్ళే రైలులో నిద్రపోతున్నవాళ్ళ తలల కింద దిండ్లు లాగేది. అదే రైలులో జట్టులోని నల్లజాతి అమ్మాయి టిడీ పికెట్ మీద చన్నీళ్ళు కుమ్మరించిందని చరిత్రకారులు రాశారు. చిలిపితనం అని దాటెయ్యడానికి వీల్లేదు. టిడీ పికెట్‌నీ, లూయీ స్టోక్స్‌నీ ఆ ఒలింపిక్స్‌లో పరుగెత్తనివ్వకుండా తెల్లజాతి అమ్మాయిలకే చోటిచ్చారు.

డల్లాస్ కంపెనీ వేసిన కుర్చీ కూడా అందరిదీ కాదు. ఆ కాలంలోనే ఫిలడెల్ఫియాలో ఓరా వాషింగ్టన్ అనే నల్లజాతి క్రీడాకారిణి వుండేది. ఫిలడెల్ఫియా ట్రిబ్యూన్ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడింది. నల్లజాతివారి టెన్నిస్ సంఘం సింగిల్స్ టైటిల్ ఎనిమిదిసార్లు గెలిచింది. బతుకుతెరువు కోసం ఇళ్ళలో పని చేసింది. 1971లో చనిపోయింది. బాస్కెట్‌బాల్ కీర్తి మందిరంలో ఆమె పేరు చేర్చింది 2018లో. ఆమె ఆటలో లోపం లేదు. చూడవలసినవాళ్ళ కళ్ళలో వుంది లోపం.

బేబ్‌ని చూసిన కళ్ళు కూడా ఎల్లకాలం చల్లగా లేవు. 1932 డిసెంబరులో ఆమె బొమ్మ ఒక కారు ప్రకటనలో వచ్చింది. అమెచ్యూర్ సంఘం వెంటనే సస్పెండ్ చేసింది. తన అనుమతి లేదని ఆమె చెప్పగా తరువాత ఆంక్ష తీసేశారు గాని, అప్పటికే విసిగి ప్రొఫెషనల్ అయిపోయింది. ఒక బీమా కంపెనీ ఆమె ఆటతో మూడేళ్ళు ప్రచారం చేసుకోవచ్చు, ఆమె మాత్రం తన బొమ్మతో ఒక్క డాలరు సంపాదించరాదు. నియమం తమాషాగా వుంటుంది. స్త్రీలకి ప్రొఫెషనల్ ఆటలు లేని రోజులవి. నాటకశాల వేదిక మీద మౌతార్గన్ వాయించింది. తన పేరు పెట్టిన బాస్కెట్‌బాల్ జట్టుతో చిన్న చిన్న పట్నాలు తిరిగింది. అందులో ఎక్కువమంది మగవాళ్ళే. 1934లో గడ్డాలు పెంచుకున్న మగవాళ్ళ బేస్‌బాల్ జట్టుతో వూరూరా తిరిగింది. ఒలింపిక్ విజేతను చూడడానికి వచ్చేవారికి ఆమె ఒక వింత. ఇంటికి మాత్రం డబ్బు పంపడం మానలేదు.

ఆ తిరుగుళ్ళ మధ్యలోనే గోల్ఫ్ పట్టుకుంది. స్టాన్ కెర్టెస్ అనే శిక్షకుడి దగ్గర నేర్చుకుంది. చేతులు చిట్లి రక్తం వస్తే పట్టీలు చుట్టుకుని మళ్ళీ కొట్టేది. 1935లో టెక్సస్ మహిళల అమెచ్యూర్ పోటీ గెలిచింది. గోల్ఫ్ అక్కడ ధనవంతుల క్లబ్బుల ఆట. వడ్రంగి కూతురు వచ్చి గెలవడం కొందరికి మింగుడు పడలేదు. వేరే ఆటల్లో డబ్బు తీసుకుందని చెప్పి అమెచ్యూర్ పోటీల నుంచి తీసేశారు. 1938లో జార్జ్ జహారియాస్ అనే మల్లయోధుణ్ణి పెళ్ళి చేసుకుంది. డబ్బు పోటీలకి కొన్నేళ్ళు దూరంగా వుండి, 1943లో అమెచ్యూర్ హోదా తిరిగి తెచ్చుకుంది. 1946లో అమెరికా మహిళల అమెచ్యూర్, 1947లో స్కాట్లాండ్‌లోని గల్లేన్‌లో బ్రిటిష్ మహిళల అమెచ్యూర్ గెలిచింది. ఈ రెండవది గెలిచిన మొదటి అమెరికన్ ఆమె. 1950లో మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘం పెట్టిన 13 మందిలో తానొకతి. తనకి లేని మైదానాన్ని తరువాతివారి కోసం తయారుచేసింది. అదే ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆమెను అర్ధశతాబ్దపు మేటి క్రీడాకారిణిగా ఎన్నుకుంది.

1953 ఏప్రిల్‌లో పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. బోమాంట్ ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ జరిగింది. మలవిసర్జనకి పొట్ట మీద దారి చేశారు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు బయటికి చెప్పుకునేవారు కాదు. ఈమె పత్రికలవారికి చెప్పింది. కొన్ని నెలల్లోనే మళ్ళీ పోటీల్లో దిగింది. 1954లో మసాచుసెట్స్‌లోని సేలం కంట్రీ క్లబ్బులో అమెరికా మహిళల ఓపెన్ 12 దెబ్బల తేడాతో గెలిచింది. గోల్ఫ్‌లో ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారిది గెలుపు. అంత తేడా చాలా అరుదు. జబ్బు 1955లో తిరగబెట్టింది. 1956 సెప్టెంబర్ 27వ తేదీన టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు 45. కంచెలు దూకిన బోమాంట్‌లోనే ఆమెను సమాధి చేశారు.

ఆమె చనిపోయిన 16 ఏళ్ళకి, 1972లో, ప్రభుత్వ ధనం పొందే విద్యాసంస్థలు స్త్రీ పురుష భేదం చూపరాదని అమెరికాలో చట్టం వచ్చింది. దాన్ని టైటిల్ నైన్ అంటారు. దాని బలంతో కాలేజీలు అమ్మాయిలకి జట్లు, కోచ్‌లు, స్కాలర్‌షిప్పులు ఇవ్వడం మొదలుపెట్టాయి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్త్రీల బాస్కెట్‌బాల్ ప్రవేశించింది. 1982లో ఎన్.సి.ఎ.ఎ. సంస్థ మహిళల జాతీయ టోర్నమెంటు మొదలుపెట్టింది. ఇప్పుడు బేబ్ లాంటి పిల్ల టైపు మిషను ముందు కూర్చున్నట్టు నటించనక్కరలేదు. పుస్తకం ముందు కూర్చుంటే చాలు. మన దేశం సంగతికి వస్తే, స్త్రీకి తొలి ఒలింపిక్ పతకం 2000 సంవత్సరం సిడ్నీలో వచ్చింది. తెచ్చింది మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి. 240 కిలోలు ఎత్తింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథంతా అక్కకి చెప్పాను. వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ విన్నది. ఒలింపిక్స్ చెప్పినా తల ఎత్తలేదు, 30 పాయింట్లు చెప్పినా ఎత్తలేదు. 75లో 45 ఇంటికి పంపేదన్నప్పుడు మాత్రం చేతిలో కాయ ఆపి మళ్ళీ చెప్పమంది. తరువాత మెల్లగా ఒక మాట అంది. మన ఇంటికి వచ్చిన మాస్టారు మంచివాడే, పాపం పొగడ్త తెచ్చాడు, కాని కోతలకి ఒక చెయ్యి తక్కువైతే ఏం చేయాలో ఆయన దగ్గరా జవాబు లేదు, అదుంటే నాన్న ఆ రోజే అవుననేవాడు అని. నేనేమీ మాట్లాడలేకపోయాను. మెకోమ్స్ పెద్ద ధర్మాత్ముడేమీ కాదు. ఆయన వచ్చింది వ్యాపారానికే. కాని వడ్రంగి ఇంటికి వట్టి చేతులతో రాలేదు.

మిత్రులారా, మనలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు, కొందరు ఆఫీసర్లవుతారు, కొందరు మళ్ళీ ఆ పొలాలకే పోతారు. ఎక్కడున్నా ఏదో ఒక మంచె మీద ఒక పిల్ల రాయి విసురుతూ కనబడుతుంది. భలే అని చప్పట్లు కొట్టి రావడం సులువు. ఆ పిల్ల ఇంట్లో లోటు ఏమిటో కనుక్కుని, దానికి జవాబు చేతిలో పట్టుకుని వెళ్ళడం కష్టం. బేబ్ డిడ్రిక్సన్ జీవితం నాకు నేర్పింది ఈ ఒక్కటే. మిగతా అంతా ఆమె చెయ్యే చేసుకుంది.